ముందు వెండి, తర్వాత ఎబొనైట్: రింగుల పెన్ను చేయించిన నా అనుభవం

ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) పెన్నుకు వెండి రింగు, వెండి క్లిప్పు పెట్టించుకోవాలనుకునేవాళ్ళు సాధారణంగా ముందు పెన్ను చేయించి, దాన్ని జేబులో పెట్టుకుని ఆచారి దగ్గరికి వెళ్తారు. పని చెడేది అక్కడే. లేతు మీద ఎబొనైట్‌ని మిల్లీమీటరులో యాభయ్యో వంతు చొప్పున తీయొచ్చు. వెండి రింగు అలా లొంగదు. అతుకు వేసి గుండ్రం చేశాక దాని సైజు దాదాపు ఖాయమే. కాస్త సాగదీయొచ్చు గానీ, తగ్గించాలంటే మళ్ళీ కోసి అతకాల్సిందే. అందుకే నేను వెండి పనంతా ముందు నెల్లూరు ఆచారి వీధిలో పూర్తి చేయించి, ఆ రింగు, క్లిప్పు ఒంగోలులో లేతు మేస్త్రీ చేతికిచ్చి, వాటికి తగ్గట్టు ఎబొనైట్ తిప్పించాను. ఎవరు చేయించినా ఈ వరసే మంచిదని నా గట్టి నమ్మకం.

మొదటి పని గళ్ళ కాగితం మీద. పెన్ను నిలువుకోత బొమ్మను అసలు సైజులో గీయాలి. పొడవు, వంపులు, కొసల ఆకారం తర్వాతైనా మార్చుకోవచ్చు. ముందే తేలాల్సింది క్యాప్ మూతి దగ్గర గోడ మందం. బారెల్ (పెన్ను గొట్టం) మీద మర 13 మి.మీ., రింగు లోపలి వ్యాసం 14 మి.మీ. అనుకోండి. క్యాప్ లోపలి మర అడుగు నుంచి రింగు కూర్చునే చోటు దాకా మిగిలే గోడ అర మిల్లీమీటరు. ఎబొనైట్ అంత పల్చగా నిలబడదు. మర వేసేటప్పుడు బతికినా, క్యాప్ కాస్త గట్టిగా బిగించిన రోజున మూతి పగులుతుంది. అదే మర 12 మి.మీ.కి దించితే ఒక మిల్లీమీటరు గోడ మిగులుతుంది. నేను పెట్టుకున్న లెక్క ఇదీ: మర 12 మి.మీ., పిచ్ (ఒక గాడి నుంచి పక్క గాడికి దూరం) 0.8, మూడు మొదళ్ళది (మూడు గాళ్ళు పక్కపక్కనే మొదలయ్యేది). రింగు లోపల 14, మందం 0.8, కాబట్టి బయట 15.6. వెడల్పు 5.

మూడు మొదళ్ళ మర అంటే ఒక చుట్టుకి 2.4 మి.మీ. కదులుతుంది, ఒకటింబావు చుట్టుకి క్యాప్ వచ్చేస్తుంది. ఒంటి మర అయితే నాలుగు చుట్లు తిప్పాలి. ఆ మర కోసే ట్యాపు, డై మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో ఉండవు, పెన్నులు చేసేవాళ్ళ దగ్గరే ఉంటాయి. మేస్త్రీ దగ్గర ఏ సైజు ఉందో అడిగి తెలుసుకున్నాకే వెండి కొనాలి. ఇంకో మాట. క్యాప్ మూతి రింగు అందానికి మాత్రమే కాదు. మర బిగిసినప్పుడు మూతి బయటికి విచ్చుకోకుండా పట్టి ఉంచేది అదే. కాబట్టి కాగితం మందం రేకు చుట్టి రింగు అనిపించుకోవడం కుదరదు.

ఇక కొలత. నెల్లూరు, ఒంగోలు మధ్య సుమారు 120 కిలోమీటర్లు. ఒక కొసన ఆచారి గారి కాలిపర్, రెండో కొసన మేస్త్రీ కాలిపర్. రెండూ ఒకే అంకె చూపిస్తాయన్న హామీ లేదు. ఆచారి గారే దారి చెప్పారు: "సైజు నోటితో చెప్పబాకండి సార్, వస్తువు తెచ్చియ్యండి." ఆటోనగర్‌లో లేతు షాపులో సరిగ్గా 14 మి.మీ. వ్యాసం, జానెడు పొడవు స్టీలు కడ్డీ టర్నింగ్ పట్టించాను. రింగు దాని మీదే గుండ్రం కావాలి. ఎబొనైట్ తీసేటప్పుడు మేస్త్రీ తన మైక్రోమీటరును దాని మీదే సరిచూసుకోవాలి. అప్పుడు ఎవరి కాలిపర్ ఏం చూపించినా నష్టం లేదు.

ఆ కడ్డీతో ఇంకో పెద్ద లాభం ఉంది. ఉంగరాల సైజు కడ్డీ ఒక కొసన లావుగా, ఇంకో కొసకి సన్నబడుతూ ఉంటుంది. వేలి ఉంగరానికి ఆ తేడా తెలియదు. 5 మి.మీ. వెడల్పు పెన్ను రింగును దాని మీద సుత్తితో గుండ్రం చేస్తే ఒక అంచు పెద్దది, ఒక అంచు చిన్నది అవుతుంది. అలాంటి రింగు క్యాప్ మీద ఒక వైపు బిగుస్తుంది, రెండో వైపు వెంట్రుకవాసి సందు కనిపిస్తుంది. ఆ సందులో ఇంకు, చెమట చేరి నల్లని గీత పడుతుంది. ఎంత పాలిష్ చేసినా ఆ గీత పోదు. ఉంగరాల కడ్డీ మీద ముందు పని చేసినా, చివరి దెబ్బలు మాత్రం ఆ 14 మి.మీ. కడ్డీ మీదే పడాలి.

వెండి విషయానికి వస్తే, పట్టీల వెండి వద్దు. అందులో ఎంత రాగి ఉందో చేసినవాళ్ళకే తెలియాలి. 999 (వెయ్యి పాళ్ళలో 999 వెండి) కడ్డీ వెండి కొని, రాగి కలిపి 925 కట్టించుకోవడం మేలు. 20 గ్రాముల 925కి కడ్డీ వెండి 18.52 గ్రాములు, రాగి 1.48 గ్రాములు పడుతుంది. రాగికి తొడుగు ఒలిచి శుభ్రం చేసిన కరెంటు తీగ సరిపోతుంది. ఎనామిల్ పూత ఉన్న మోటారు తీగ మాత్రం వేయకూడదు. మొత్తం మేలిమి వెండితో రింగు చేస్తే ఇట్టే గీతలు పడేంత మెత్తగా ఉంటుంది, క్లిప్పు అయితే అసలు స్ప్రింగు పట్టదు. తయారయ్యాక రింగు రెండు గ్రాముల లోపు, క్లిప్పు వాషరుతో కలిపి రెండున్నర, క్యాప్ పైన మరతో బిగించే బొడిపె మీది బిళ్ళ ఒకటిన్నర. అంతా కలిపి ఆరు గ్రాములే. అయినా 20 గ్రాములు ఇవ్వాలి. రేకు దించేటప్పుడు అంచులు, క్లిప్పు కోసేటప్పుడు ముక్కలు పోను పని జరగాలి కదా. మిగిలిన ముక్కలు, ఆకురాయి పొడి తిరిగి తూచి తీసుకోవాలి. తరుగు, మజూరీ ముందే మాట్లాడుకుని చీటీ మీద రాయించుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

మూసలో వెండి కరిగాక రాగి, వెలిగారం వేసి అచ్చులో పోస్తారు. తర్వాత రేకు మిల్లులో దించడం. రెండు మూడు దఫాలు దించాక వెండి గట్టిపడుతుంది. అప్పుడు మసక వెలుతురులో లేత ఎరుపు కనిపించేదాకా కాల్చి చల్లార్చాలి. తొందరపడి కాల్చకుండా దించితే అంచులు నెర్రెలిస్తాయి. ఆ నెర్రెలు పైకి కనపడకుండా రేకు లోపలికి పాకి, రింగు గుండ్రం చేసేటప్పుడు బయటపడతాయి.

రేకు ముక్క పొడవు దగ్గర చాలామంది లెక్క తప్పుతుంది. లోపలి వ్యాసం 14 కాబట్టి 14ని 3.14తో హెచ్చవేసి 44 మి.మీ. కోస్తారు. వంచినప్పుడు రేకు లోపలి ముఖం కుదించుకుపోతుంది, బయటి ముఖం సాగుతుంది. పొడవు మారనిది మందం మధ్యలో ఉన్న గీతే. కాబట్టి వ్యాసానికి రేకు మందం కలిపి, 14.8ని 3.14తో హెచ్చవేయాలి: 46.5 మి.మీ. 44 కోస్తే రింగు లోపలి వ్యాసం 13.2 వస్తుంది. దాన్ని సుత్తితో 14కి సాగదీస్తే రేకు పల్చబడుతుంది, అతుకు మీద ఒత్తిడి పడుతుంది. అర మిల్లీమీటరు తక్కువ కోయడం మంచిదే, ఆ కాస్త సుత్తి దెబ్బకి వెండి బిగుస్తుంది. అంతకు మించి తగ్గకూడదు.

అతుకు కొసలు ఆకురాయితో రాసి, దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే వెలుతురు రాకూడదు. టంకం సందును పూడ్చే మట్టి కాదు. ఆనుకుని ఉన్న రెండు ముఖాల మధ్యకి అది తనంతట తను పీల్చుకుపోవాలి. సందు ఉంటే టంకం మందంగా నిలిచి, ఏడాది తిరిగేసరికి పసుపుపచ్చ గీతగా తేలుతుంది. వెండి ఎక్కువ ఉన్న గట్టి టంకమే అడగాలి. కాడ్మియం కలిసిన టంకం సులువుగా కరుగుతుంది, కానీ దాని పొగ ఊపిరితిత్తులకు విషం. ఆచారి గారి ఆరోగ్యం కోసమైనా వద్దనాలి.

925లో రాగి ఉంది కాబట్టి కాల్చినప్పుడల్లా ఊదారంగు మచ్చ పడుతుంది. అది పైపూత కాదు, వెండి చర్మం కిందికి దిగిన రాగి ఆక్సైడు. పాలిష్ చేసిన కొద్దీ మబ్బులా బయటికి వస్తుంది, దాన్ని రాసి తీయాలంటే రింగు మందమే తగ్గుతుంది. రాకుండా చూసుకోవడమే మార్గం. బోరిక్ ఆమ్లం (క్యారమ్స్ బోర్డు మీద చల్లే పొడి అదే) స్పిరిట్‌లో కలిపి రింగు మొత్తానికి పూసి, నిప్పంటించి ఆరనిస్తే తెల్లని పొర ఏర్పడుతుంది. దాని మీద కాలిస్తే గాలి తగలదు, మచ్చ పడదు. అతుకయ్యాక పలచని గంధకామ్లంలో ముంచితే పైన మిగిలింది పోతుంది.

క్లిప్పు రింగుకంటే కష్టం. వాషరు వేరుగా, క్లిప్పు వేరుగా చేసి టంకం వేస్తే, సరిగ్గా వంపు దగ్గరే వెండి కాలి మెత్తబడుతుంది. చూడ్డానికి బాగుంటుంది. దళసరి చొక్కా జేబుకి నాలుగుసార్లు పెట్టి తీసేసరికి పైకి లేచి అలాగే ఉండిపోతుంది. నేను వాషరు, క్లిప్పు ఒకే రేకులో కోయించాను: ఒక మిల్లీమీటరు మందం, 12 మి.మీ. వాషరు, దాని నుంచి 40 మి.మీ. నాలుక. కొసన గుండు ఒక్కదానికే టంకం. ఆ టంకం వేసేటప్పుడు వాషరు, వంపు వచ్చే చోటు తడి ఇసుకలో పాతిపెట్టారు, వేడి అక్కడికి పోలేదు. ఆ తర్వాత వంపు భాగాన్ని చల్లగానే దాగలి మీద సుత్తితో కొట్టి గట్టిపరిచారు. ఇక ఆ క్లిప్పు మళ్ళీ మంట చూడకూడదు.

బంగారంతో చేయిద్దామా అని అడిగేవాళ్ళున్నారు. రింగులకు 22 క్యారెట్లైనా నడుస్తుంది, క్లిప్పుకి మాత్రం 18 క్యారెట్లకు మించి వెళ్ళకూడదు, స్ప్రింగు ఉండదు. బరువు కూడా చూసుకోవాలి. పైన చెప్పిన కొలతకే వెండి రింగు రెండు గ్రాముల లోపు వస్తే, 22 క్యారెట్లలో మూడు గ్రాములు దాటుతుంది. ఒక ముఖ్యమైన విషయం: 2021లో బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి చేసినప్పుడు గడియారాలు, ఫౌంటెన్ పెన్నులు, కుందన్, పోల్కీ, జడావు నగలను మినహాయించారు. అంటే పెన్ను మీది బంగారానికి ముద్ర లేకపోవడం నేరం కాదు. అదే సమయంలో దాని నాణ్యతకు ఆ ముద్ర భరోసా కూడా ఉండదు. బిల్లు మీద క్యారెట్లు, బరువు రాయించుకోండి. అతకకముందే ముక్కను పరీక్ష చేయించండి.

వెండి చేతికొచ్చాక ఎబొనైట్. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాలు, దాదాపు మూడో వంతు దాకా కలిపి ఉడికిస్తే వచ్చేదే ఇది. కడ్డీ కొసలు ఐదైదు మిల్లీమీటర్లు కోసి పారేసి, కోసిన ముఖం మీద బుడగలు లేవని చూసుకోవాలి. లేతు పని గురించి పెద్దగా చెప్పేది లేదు, తెలిసిన మేస్త్రీకి అది రోజువారీ పని. పదునైన ఉలి, తక్కువ వేడి, పొడి కాకుండా రిబ్బనులా చెత్త రావడం, అంతే. మన జాగ్రత్త అంతా రింగు కూర్చునే మెట్టు మీద ఉండాలి.

అక్కడ బిగుతుగా దిగ్గొట్టడం పెద్ద పొరపాటు. ఎబొనైట్ వేడికి వెండికంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ సాగుతుంది. 14 మి.మీ. మీద 20 డిగ్రీల తేడాకి ఎబొనైట్ 0.02 మి.మీ. పెరిగితే వెండి 0.005 మాత్రమే పెరుగుతుంది. మే నెల నెల్లూరు ఎండలో రింగు ఎబొనైట్‌ను నొక్కిపడుతుంది, ఎబొనైట్ ఆ నొక్కుకి లోపలికి అణిగి అలాగే ఉండిపోతుంది. పుష్యమాసపు తెల్లవారుజామున రింగు గిర్రున తిరుగుతుంది. అందుకే మెట్టును 13.97కి తీయించి, ఆ సన్నని సందులో ఇరవై నాలుగు గంటలకు గట్టిపడే ఆరాల్డైట్ పెట్టించాను. రింగు లోపలి ముఖం పాలిష్ చేయనివ్వకుండా సూదితో అడ్డదిడ్డంగా గీయించాను, మెట్టు మీద రెండు సన్నని గాళ్ళు వేయించాను. జిగురుకి పట్టు దొరికేది ఆ గీతల్లోనే. ఐదు నిమిషాల జిగురు వద్దు. ఫెవిక్విక్ లాంటివి అసలే వద్దు, అవి పెళుసు. పైగా వాటి ఆవిరి నల్లని పాలిష్ మీద తెల్లగా పొగ పట్టిస్తుంది. రింగు అతుకు సరిగ్గా క్లిప్పు కిందికి వచ్చేలా పెట్టుకోవాలి. క్యాప్ పైభాగాన ఒక మిల్లీమీటరు గాడి కోసి క్లిప్పు మెడ అందులో కూర్చోబెడితే, బొడిపె మర వదులైనా క్లిప్పు పక్కకి తిరగదు.

వెండి, ఎబొనైట్ జోడీకి ఒక పుట్టు సమస్య ఉంది. వెండిని నల్లబరిచేది గంధకం, ఎబొనైట్ నిండా ఉన్నదీ గంధకమే. మూసిన డబ్బాలో పెట్టిన పెన్ను, జేబులో తిరిగే పెన్నుకంటే త్వరగా నల్లబడటం అందుకే. మన తీరంలో దీనికి ఇంకోటి తోడవుతుంది. రొయ్యల గుంటల అడుగు బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కూడా వెండిని అలాగే పట్టుకుంటుంది. రొయ్యల కల్చర్ పనిలో ఉన్నవాళ్ళు వెండి రింగుల పెన్ను చేయించుకుంటే రోడియం పూత వేయించుకోవడం మంచిది. నేరుగా వెండి మీద రోడియం వేస్తే సూక్ష్మరంధ్రాల్లోంచి నలుపు పైకి పాకుతుంది. కింద నికెల్ గానీ పల్లాడియం గానీ ఒక పొర ఉండాలి, ఉందో లేదో అడగాలి. పూత పనంతా ఎబొనైట్‌కి అతకక ముందే అయిపోవాలి. నేను పూత వేయించలేదు. రోజూ చేతిలో ఉండే పెన్నుకి వేళ్ళ రాపిడే చాలావరకు మెరుగు పెడుతుంది. గాళ్ళలో మిగిలే నలుపు చెక్కిన నగిషీని ఇంకా బాగా చూపిస్తుందని నాకనిపిస్తుంది.

పాళీ మన ఊళ్ళో చేయించుకునే వస్తువు కాదు. ఆచారి 18 క్యారెట్ల రేకును పాళీ ఆకారంలో వంచగలరు, కానీ కొసన అతికే గట్టి లోహపు గుండు, వెంట్రుకవాసి చీలిక ప్రత్యేక యంత్రాల పని. జర్మనీ కంపెనీలు యోవో గానీ బాక్ గానీ చేసే 14 లేదా 18 క్యారెట్ల ఆరో నంబరు పాళీ కొనుక్కోవడమే సరైనది. యోవో ఆరో నంబరు కూర్చునే గొట్టానికి సెక్షన్‌లో (రాసేటప్పుడు వేళ్ళతో పట్టుకునే భాగం) 7.4 మి.మీ. వ్యాసం, 0.5 పిచ్ మర వేయాలి. బాక్‌కి అదే పనికొస్తుందని అనుకోకండి, పాళీ చేతిలో పెట్టుకుని మర వేయించండి. బంగారు పాళీ మెత్తగా రాస్తుందన్నది సగమే నిజం, మెత్తదనం ఎక్కువగా ఆకారం మీద, మందం మీద ఉంటుంది. బంగారం అసలు ఉపయోగం ఇంకు తినేయకపోవడం.

బారెల్ నిండా ఇంకు పోసుకునే డ్రాపర్ పెన్ను చేయించుకుంటే, 9 మి.మీ. రంధ్రం, 55 మి.మీ. లోతులో మూడున్నర మిల్లీలీటర్లు పడుతుంది. సగానికి పైగా ఖాళీ అయ్యాక అసలు చిక్కు. లోపల మూడు మిల్లీలీటర్ల గాలి ఉండి, ఏసీ గదిలో 24 డిగ్రీల నుంచి బయట 42 డిగ్రీల ఎండకి వస్తే ఆ గాలి ఆరు శాతం పెరుగుతుంది. దాదాపు 0.18 మిల్లీలీటర్లు, అంటే మూడు చుక్కలకు పైనే. ఆ మూడు చుక్కలు పాళీ గుండా కాగితం మీదికో, క్యాప్‌లోకో వస్తాయి. వేసవిలో మూడో వంతుకి దిగకముందే నింపుకోవాలి, లేదా కన్వర్టరు (ఇంకు పీల్చుకుని ఉంచుకునే చిన్న గొట్టం) వాడుకోవాలి. సెక్షన్‌కీ బారెల్‌కీ మధ్య వెండి రింగు కోరుకునేవాళ్ళు, రబ్బరు ఓ-రింగు ఇంకు వైపు, వెండి దానికి బయట ఉండేలా చూసుకోవాలి. ఇంకు వెండికి తగలకూడదు, ముఖ్యంగా ఐరన్ గాల్ ఇంకు (ఇనుప లవణంతో చేసే ఆమ్లగుణపు ఇంకు).

ఎబొనైట్ బదులు ఎర్రచందనం వాడొచ్చా అని అడుగుతుంటారు, రాపూరు, ఉదయగిరి అడవులు పక్కనే కదా అని. అటవీశాఖ వేలంలో కొని, రవాణా పర్మిట్ ఉన్న కర్ర తప్ప చిన్న ముక్కైనా ముట్టుకోకండి.

తుడవడానికి మన ఇళ్ళలో వెండి సామానుకు వాడే విభూతే చాలు, పొడిగా, మెత్తని పాత నూలుగుడ్డతో. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది. చింతపండు పులుసు రింగు అంచు కిందికి దిగి జిగురును వదులు చేస్తుంది. వేడినీళ్ళు, అల్యూమినియం రేకు, వంటసోడా పద్ధతి విడి వెండికి బాగా పనిచేస్తుంది గానీ పెన్నుకి అస్సలు పనికిరాదు: వేడినీళ్ళు తగిలితే నల్లని ఎబొనైట్ గోధుమరంగుకు తిరుగుతుంది, మళ్ళీ నలుపు కావాలంటే పైపొర మొత్తం రాసి తీయాల్సిందే. ఎండలో పెట్టినా అదే జరుగుతుంది.